మన ఒంటి చరిత్ర – 9: గర్భసంచి తీసేశాక కడుపు వస్తుందా?



పోయిన భాగంలో పిల్లల ఆపరేషన్ల క్యాంపుల గురించి రాశాను. అది చదివి నర్సింగ్ చదువుతున్న ఒక చెల్లి ఫోన్ చేసింది. వాళ్ల వాడలో ఒకామెకు ఇరవయ్యారేళ్లకే గర్భసంచి తీసేశారట. తర్వాత మొగుడు చనిపోయాడు, మళ్లీ పెళ్లయింది. ఈ కొత్తాయనకు బిడ్డ కావాలి. ఎవరో నాటుమందు వాడితే మళ్లీ కడుపు నిలుస్తుందని చెప్పి, ఇప్పటికే రెండుసార్లు డబ్బులు తీసుకున్నారు. "నిజంగా వస్తదా అక్కా? మా మేడమ్‌ను అడిగితే నవ్వింది" అంది చెల్లి.

నవ్వాల్సిన ప్రశ్న కాదిది. దీని వెనక నూటముప్పై ఏళ్ల వైద్య చరిత్ర ఉంది. దాని పక్కనే, ఎవరూ సరిగ్గా రాయని మన వాడల చరిత్ర కూడా ఉంది.

ముందు జవాబు చెప్పేస్తాను. రాదు. బిడ్డ పెరగాల్సిన చోటే ఒంట్లో లేనప్పుడు ఏ మందూ, ఏ వేరూ, ఏ తాయెత్తూ కడుపు తేలేవు. ఇస్తానన్నవాడు దొంగ, వాడికిచ్చిన డబ్బు వెనక్కి అడగండి. అయితే ఈ "రాదు" పక్కన ఒక "కానీ" ఉంది. అది బిడ్డనిచ్చే "కానీ" కాదు, ప్రాణం మీదికి తెచ్చేది. నర్సింగ్ విద్యార్థులు, ఆశా అక్కలు దీన్ని జాగ్రత్తగా చదవండి.

గర్భసంచి తీసేసినా చాలామందికి అండాశయాలు ఒంట్లోనే ఉంచుతారు. ముట్టు ఆగిపోతుంది గానీ నెలనెలా అండం విడుదలవడం ఆగదు. ముట్టు రాకపోతే అండం కూడా రాదనుకోవడం పొరపాటు. ఆ అండానికి వీర్యం తగిలే దారి మామూలుగా మూసుకుపోయి ఉంటుంది. గర్భసంచి ఉన్నచోట యోని పైభాగాన్ని కుట్టేస్తారు కాబట్టి. ఎక్కడో ఒకరికి ఆ కుట్టు సరిగా మానక చిన్న కన్నం మిగులుతుంది. లేదా తెగిన అండవాహిక కొస జారి ఆ కుట్టులోకి వస్తుంది. కొందరికి గర్భసంచి పైభాగం మాత్రమే తీసి కింది మెడను అలాగే ఉంచుతారు, ఆ మెడలోని సన్నదారి తెరుచుకునే ఉండొచ్చు. అలాంటప్పుడు ఆపరేషనైన నెలలకో, ఏళ్లకో అండవాహికలోనో, అండాశయం మీదో, పొట్టలోపల ఇంకెక్కడో పిండం అంటుకుంటుంది. ఇది ఒక రకం.

రెండో రకం గురించే నేను ఎక్కువగా చెప్పాలి. ఆపరేషన్ బల్ల ఎక్కే నాటికే ఆమె గర్భవతి. కలిసి మూడు రోజులో, అయిదు రోజులో అయి ఉంటుంది. పిండం ఇంకా గొట్టంలోనే ఉంది, గర్భసంచిలోకి దిగలేదు. డాక్టరు గర్భసంచి తీసి కుట్టేస్తాడు, పిండం పైన ఉండిపోతుంది. దిగే చోటు లేదు కాబట్టి గొట్టంలోనే పెరుగుతుంది. కొన్ని వారాల తర్వాత ఆమెకు పొత్తికడుపులో నొప్పి మొదలవుతుంది. ఆసుపత్రికి పోతే "ఆపరేషన్ నొప్పే, తగ్గిపోద్ది" అని గోళీలిచ్చి పంపుతారు. గర్భం అన్న అనుమానం ఎవరికీ రాదు, ఎందుకు వస్తుంది? గర్భసంచే లేదు కదా! ఆ లోపల గొట్టం పగిలితే పొట్ట నిండా రక్తం. కళ్లు తిరిగి పడిపోయే దాకా ఎవరికీ తెలియదు.

ఇలాంటి కేసును మొదటిసారి వైద్యలోకానికి రాసి చెప్పింది వెండెలర్ అనే జర్మన్ డాక్టరు, 1895లో. అప్పటికి గర్భసంచి ఆపరేషన్ ఇంకా కొత్త విద్యే. జర్మనీలో లాంగెన్‌బెక్ 1813లో యోని మార్గంలో గర్భసంచి తీశాడు. 1843లో మాంచెస్టర్‌లో చార్లెస్ క్లే పొట్ట కోసి తీశాడు, ఆమె బతకలేదు. పొట్ట కోసిన తర్వాత బతికి బట్టకట్టిన మొదటి స్త్రీ కథ 1853లో అమెరికాలో లోవెల్ పట్టణంలో జరిగింది. మత్తుమందు, చేతులు శుభ్రం చేసుకునే అలవాటు వచ్చాకే ఈ ఆపరేషన్ ప్రాణాలు తీయడం తగ్గింది. వెండెలర్ నుంచి నేటి దాకా వైద్య పత్రికలకెక్కిన కేసులు ప్రపంచం మొత్తం మీద వంద దాకా కూడా లేవు. వాటిలో దాదాపు అన్నీ ఆపరేషన్ చేసి పిండాన్ని తీసేయాల్సి వచ్చినవే. 1980లో న్యూజిలాండ్ డాక్టర్లు ఒక బ్రిటిష్ ప్రసూతి పత్రికలో, గర్భసంచి తీసిన తర్వాత పొట్టలోనే పెరిగి బతికి పుట్టిన ఒక బిడ్డ గురించి రాశారు. నాటుమందువాళ్లు ఇలాంటి వార్త చూపించే డబ్బు గుంజుతారు. ఒక్క బిడ్డ బతికిందని చెప్పేవాడు మిగతా తల్లుల రక్తస్రావం గురించి చెప్పడు.

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రెండో రకం ప్రమాదాన్ని తప్పించాలంటే ఏం కావాలి? ఆపరేషన్‌కు ముందు మూత్ర పరీక్ష, అంటే మందుల షాపులో కొన్ని పదుల రూపాయలకు దొరికే పట్టీ. ఆ పట్టీ కూడా మరీ తొలిరోజుల గర్భాన్ని పట్టలేదు కాబట్టి ముట్టు అయిపోయిన వెంటనే వచ్చే రోజుల్లో ఆపరేషన్ పెట్టుకోవాలి. లేదంటే ఆ నెలంతా గర్భం రాకుండా జాగ్రత్త పడమని ముందే చెప్పాలి. అంటే డాక్టరు ఆమెతో కూర్చుని పావుగంట మాట్లాడాలి. నీ ముట్టు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కలిశారు, పిల్లల ఆపరేషన్ అయిందా అని అడగాలి. మన అక్కలను ఆటోలో ఎక్కించుకుపోయి మధ్యాహ్నానికి స్కానింగ్ తీసి సాయంత్రానికి కోసేసే నర్సింగ్‌హోముల్లో ఆ పావుగంట ఎవరికిస్తారు? తొందరగా, అడక్కుండా, రాయకుండా చేసే చోటే ఈ అరుదైన ప్రమాదం కాచుకుని ఉంటుంది. వైద్య పత్రికల్లో కేసు రాసేవాళ్లు పెద్దాసుపత్రుల డాక్టర్లు. మన మండల కేంద్రంలో కడుపునొప్పితో పోయినామె ఏ పత్రికకూ ఎక్కదు.

తొందర అన్నాను కదా, ఆ తొందర ఎంత పెద్దదో అంకెల్లో చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మొదటిసారి ఈ లెక్క వివరంగా అడిగింది. 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలోకెల్లా ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. 2019-21 సర్వేలో ఆంధ్ర 8.7, తెలంగాణ 8.2. అంటే దాదాపు పన్నెండుమంది ఆడవాళ్లలో ఒకరికి లేదు. మామూలుగా ముట్టు ఆగే వయసు నలభై అయిదు దాటాక. ఈ ఆపరేషన్ల సగటు వయసు మాత్రం ముప్పై నాలుగు దగ్గర ఉంది. మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. చదువు లేనివాళ్లలో, పల్లెల్లో ఎక్కువ.

ఇక్కడ ఒక మాట మనవాళ్లకే చెప్పాలి. దేశం మొత్తం సగటు తీస్తే ఎస్సీ, ఎస్టీ స్త్రీలే అందరికంటే ఎక్కువ అని ఈ సర్వే చెప్పదు. కొందరు మిత్రులు వేదికల మీద అలా చెప్పేస్తున్నారు. లేని అంకె చెప్తే ఉన్న నిజం కూడా పోతుంది. కులం ఈ వ్యవహారంలో పనిచేసే తీరు వేరు. ఎవరు ఎండలో వంగి నాట్లేస్తారు, ఎవరికి పొలంలో మరుగు లేదు, ఎవరికి ఒక రోజు కూలి పోతే పొయ్యి వెలగదు, డాక్టరు చెప్పిన మాటకు ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఎవరికి ఇవ్వలేదు – అక్కడ ఉంది కులం. దాన్ని పట్టుకోవాలంటే జిల్లా వారీగా, పని వారీగా, కులం వారీగా లెక్క కావాలి. ఆ లెక్క ఎవరూ తీయరు.

తీసినవాళ్లు ఉన్నారు, కొద్దిమంది. డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ ఉమ్మడి మెదక్ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి 2009లో ఒక నివేదిక రాశారు. తెల్లబట్ట అవుతోందని పోయినవాళ్లకు, నడుంనొప్పి అని పోయినవాళ్లకు, ముట్టు ఎక్కువవుతోందని పోయినవాళ్లకు గర్భసంచి తీసేశారు. ముప్పై దాటని ఆడపిల్లలు కూడా ఉన్నారు వాళ్లలో. మందులతో తగ్గే జబ్బులవి. మన ఊళ్లలో ఈ కథ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. మొదట ఆర్‌ఎంపీ. ఆయన చీటీ రాసి పట్నంలో ఫలానా ఆసుపత్రికి పంపుతాడు, పంపినందుకు అతనికి వాటా. అక్కడ స్కానింగ్. తెర మీద ఏదో నల్లటి మచ్చ చూపించి "గడ్డ ఉంది, క్యాన్సర్ అయితది, పిల్లలు ఆగమైతరు" అంటారు. ఆ ఒక్క మాట చాలు. ఇంట్లో ఉన్న పుస్తెలో, మేకలో, మూడు రూపాయల వడ్డీ అప్పో ఆసుపత్రి గల్లాలోకి పోతుంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆ డబ్బు సర్కారే కట్టడం మొదలైంది. కేసులు ఎంత పెరిగాయో చూసి ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆసుపత్రులకు కట్టడి చేయాల్సి వచ్చింది ప్రభుత్వానికి. బీమా కార్డు చుట్టూ ఇదే కథ బీహార్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో 2012 ప్రాంతంలో బయటపడింది.

పత్రికల్లో ఈ విషయం రాసేటప్పుడు "అవగాహన లేక" అని ఒక మాట వాడతారు. నాకు ఒళ్లు మండే మాట అది. మహారాష్ట్ర బీడ్ జిల్లా చెరకు కోత కూలీలను చూడండి. మొగుడూ పెళ్లాన్నీ కలిపి ఒక "కొయ్తా", అంటే ఒక కత్తి కింద లెక్కగట్టి ముఠామేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఒక రోజు పనికి పోకపోతే కూలి పోవడమే కాదు, ఎదురు జరిమానా. తోటలో గుడారం, నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు, నెత్తిన చెరకు మోపు. నెలకు నాలుగు రోజుల ముట్టు అంటే నాలుగు రోజుల అప్పు. 2019లో మహారాష్ట్ర ప్రభుత్వం వేయించిన సర్వేలో 82,309 మంది కోత కూలి స్త్రీలను అడిగితే 13,861 మంది గర్భసంచి తీయించుకున్నామని చెప్పారు. వాళ్లలో దళితులున్నారు, సంచార జాతులవాళ్లున్నారు, వెనకబడిన కులాలవాళ్లున్నారు. వాళ్లకు అవగాహన లేదా? కూలీ, జరిమానా, అప్పు అన్నీ కలిపి లెక్కేసుకునే ఆ నిర్ణయానికి వచ్చారు. ఆ లెక్కను వాళ్ల ముందు పెట్టినవాడెవడు అన్నదే ప్రశ్న.

మన దగ్గర ఇంకో మెట్టు కూడా ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లల ఆపరేషన్. ఆ తర్వాత ఏ నొప్పి వచ్చినా "ఇక దానితో పనేముంది, తీసేస్తే పోలా" అన్న మాట డాక్టరు నోట్లోంచీ వస్తుంది, అత్త నోట్లోంచీ వస్తుంది. పిల్లల ఆపరేషన్ అయినవాళ్లకు గొట్టాలు ముందే కోసి ఉంటాయి కాబట్టి, నేను పైన చెప్పిన ప్రమాదం ఇంకా అరుదు. అది నిజమే. కానీ ఈ రెండు ఆపరేషన్ల మధ్య తేడా ఎక్కడ తెలుస్తుందంటే, బిడ్డ చనిపోయినప్పుడు తెలుస్తుంది. 2004 డిసెంబరు సునామీలో తమిళనాడు తీరాన, నాగపట్నం చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో పిల్లలు కొట్టుకుపోయారు. తల్లుల్లో చాలామందికి పిల్లల ఆపరేషన్ అయిపోయింది. అప్పుడు అక్కడి ప్రభుత్వం గొట్టాలు మళ్లీ అతికించే ఆపరేషన్లు ఉచితంగా చేయించింది. కొందరు మళ్లీ తల్లులయ్యారు కూడా. కోసిన గొట్టానికి ముడి పడుతుంది. గర్భసంచే తీసేసిన తల్లికి ఏ ప్రభుత్వం ఏం అతికిస్తుంది? ఆ మత్స్యకార పల్లెల్లో అలాంటి తల్లులూ ఉండే ఉంటారు, వాళ్ల గురించి ఎవరూ రాయలేదు.

ఇది మన దేశపు కథ మాత్రమే కాదు. పాంథర్లను గుర్తు చేసుకునే ప్రతిసారీ మనం మగవాళ్ల ఫొటోలే పెడతాం. ఈసారి ఫానీ లూ హేమర్ ఫొటో పెట్టండి. 1917లో మిసిసిపీలో పుట్టింది, ఇరవైమంది పిల్లల్లో ఆఖరిది. అమ్మానాన్నలు తెల్లవాళ్ల పొలంలో పాలుకు చేసేవాళ్లు, ఆమె ఆరేళ్లకే పత్తి ఏరింది. 1961లో పొట్టలో చిన్న గడ్డ తీయించుకోవడానికి ఆసుపత్రికి పోతే, డాక్టరు ఆమెకు చెప్పకుండా గర్భసంచే తీసేశాడు. ఆమెకు ఆ సంగతి డాక్టరు చెప్పలేదు, తెల్లవాళ్ల ఇంటి వంటగదిలోంచి బయటికొచ్చిన మాట ద్వారా తెలిసింది. నల్లజాతి స్త్రీలకు ఇలా చేయడం ఎంత మామూలంటే దానికి అక్కడ "మిసిసిపీ అపెండిసైటిస్ ఆపరేషన్" అని ఒక పేరే ఉండేది. ఆ తర్వాతి ఏడాదే ఆమె ఓటుహక్కు పోరాటంలోకి దిగింది. 1964లో అట్లాంటిక్ సిటీలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ ముందు ఆమె ఇచ్చిన సాక్ష్యాన్ని దేశమంతా టీవీలో చూసింది. గర్భసంచి పోయిన సంగతిని కూడా దాచుకోలేదు, సభల్లో చెప్పింది. కడుపున బిడ్డ లేదు గానీ ఆడపిల్లలను తెచ్చి పెంచుకుంది. దానం చేయమని అడగని ఒంటి భాగం పోయిన దుఃఖాన్ని ఆమె రాజకీయం చేసింది. మన దగ్గర ఆ దుఃఖం ఇంకా "గొడ్రాలు" అన్న తిట్టు కిందే నలుగుతోంది.

సైన్సు ఏమీ చేయలేదా అంటే, చేసింది. గర్భసంచి మార్పిడి వచ్చింది. స్వీడన్‌లో డాక్టర్ మాట్స్ బ్రాన్‌స్ట్రోమ్ బృందం అమర్చిన గర్భసంచిలో 2014లో మొదటి బిడ్డ పుట్టింది. దానం చేసినామె అరవై దాటిన కుటుంబ స్నేహితురాలు. మన దేశంలో 2017 మే నెలలో పుణెలో డాక్టర్ శైలేష్ పుణతాంబేకర్ బృందం తల్లి గర్భసంచిని కూతురికి అమర్చింది, 2018 అక్టోబరులో బిడ్డ పుట్టింది. అద్భుతమే. ఆ అద్భుతం నడిచే తీరు కూడా తెలుసుకోండి. బయట ల్యాబులో పిండాన్ని తయారుచేసి లోపల పెట్టాలి. కొత్త అవయవాన్ని ఒళ్లు తోసేయకుండా రోజూ మందులు మింగాలి, వాటితో జబ్బులు తగిలే ప్రమాదం ఎక్కువ. కాన్పు కోసే చేయాలి. కాన్పులయ్యాక ఆ గర్భసంచిని మళ్లీ తీసేయాలి. కూలి తల్లికి ఇందులో ఏ మెట్టు అందుతుంది?

ఇంకో దారి సరోగసీ. 2021 చట్టం ప్రకారం జబ్బు వల్ల గర్భసంచి తీసేసిన భార్య ఉన్న జంట అర్హులే. డబ్బిచ్చి మోయించడం నిషేధం, ఇష్టపూర్వకంగా మోసేవాళ్లు దొరకాలి. అప్పటికే బతికున్న బిడ్డ ఉంటే, ఆ బిడ్డకు తీవ్రమైన వైకల్యమో ప్రాణాంతక జబ్బో ఉంటే తప్ప, అనుమతి లేదు. చెల్లి చెప్పినామెకు మొదటి మొగుడి వల్ల ఒక పాప ఉంది, కాబట్టి చట్టం తలుపు తీయదు. తీసినా లక్షల ఖర్చు. ఒక సంగతి మాత్రం నన్ను వదలదు. ఈ చట్టానికి ముందు హైదరాబాద్ లాంటి నగరాల్లో అద్దెకు గర్భం మోసింది కూడా పేదింటి ఆడవాళ్లే. అదే పేదరికం ఒకామె గర్భసంచిని పనికిరానిదని తీయించింది, ఇంకొకామె గర్భసంచిని తొమ్మిది నెలలకు అద్దెకిప్పించింది.

కోర్టు సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. రాజస్థాన్, బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో జరిగినవాటి మీద డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టులో కేసు వేశారు. పదేళ్లకు, 2023 ఏప్రిల్ 5న, తీర్పు వచ్చింది. బాధితుల్లో ఎక్కువమంది అణగారిన కులాల స్త్రీలన్న మాట ఆ కేసులో ఉంది. కేంద్రం 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలను కోర్టు ఆదేశించింది. దాని ప్రకారం జిల్లా స్థాయి, రాష్ట్ర స్థాయి, దేశ స్థాయి పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ప్రైవేటైనా సర్కారైనా ప్రతి గర్భసంచి ఆపరేషన్ వివరం వాటికి చేరాలి, నలభై ఏళ్లలోపు వాళ్ల విషయంలో మరింత పరిశీలన జరగాలి.

మీ జిల్లాలో ఆ కమిటీ ఉందా? సమాచార హక్కు కింద జిల్లా వైద్యాధికారికి పది రూపాయల దరఖాస్తు పెట్టండి. ఎన్నిసార్లు కూర్చుంది, నలభై ఏళ్లలోపు ఎంతమందికి ఆపరేషన్ జరిగిందని రిపోర్టులొచ్చాయి, ఎన్ని ఆసుపత్రుల మీద చర్య తీసుకున్నారు అని అడగండి. వాడల్లో సర్వే చేస్తున్న విద్యార్థులు ఆపరేషనైన వయసుతో పాటు ఈ నాలుగు కూడా రాసుకోండి: అండాశయాలు ఉంచారా, గర్భసంచి మెడ ఉంచారా, ముందు గర్భ పరీక్ష చేశారా, తీసిన ముక్కను పరీక్షకు పంపి రిపోర్టు ఇచ్చారా. డిశ్చార్జి కాగితం చూపించమనండి, చాలామంది దగ్గర ఉండదు. అండాశయాలు కూడా తీసేసినవాళ్లకు ముప్పై ఏళ్లకే ఒళ్లు మంటలు, ఎముకల నొప్పులు మొదలవుతాయి. వాళ్ల పేర్లు వేరే పట్టీలో పెట్టండి, వాళ్లకు పెద్దాసుపత్రి చికిత్స కావాలి. అండాశయాలు ఉన్న ఏ అక్కకైనా ఆపరేషన్ తర్వాత పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, రక్తపు మరకలు, కళ్లు తిరగడం ఉంటే "నీకు గర్భసంచి లేదు కదా" అని పంపేయనివ్వకండి. గర్భ పరీక్ష, స్కానింగ్ చేయించమని అక్కడే నిలబడి అడగండి.

చెల్లికి నేను చెప్పిందీ ఇదే. నాటుమందు ఆపించు, డిశ్చార్జి కాగితం వెతికించు, దత్తత గురించి ఆ ఇద్దరితో కూర్చుని మాట్లాడదాం, నేనూ వస్తాను అన్నాను. వచ్చే ఆదివారం పోతున్నాం.

పదో భాగంలో 1994 షిరూర్ సంగతి రాస్తాను. మతిస్థిమితం లేదని ముద్రపడి ప్రభుత్వ హోంలో ఉన్న ఆడపిల్లల గర్భసంచులను, ముట్టు గుడ్డలు ఎవరు ఉతుకుతారన్న కారణం చెప్పి పుణె ప్రభుత్వాసుపత్రిలో తీసిన కథ అది.

జై భీమ్.